పిర్రో బౌద్ధుల శిష్యుడా? యవనులకూ బౌద్ధానికీ మధ్య నిజంగా ఏం జరిగింది

కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర కొండబండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం మిగిల్చిన బాధ గురించి. కత్తితో గెలవడం కన్నా ధర్మంతో గెలవడమే మేలని చెప్తూ, ఆ ధర్మవిజయం దూరదేశాల్లోనూ తనకు దక్కిందని అశోకుడు అందులో ఐదుగురు రాజుల పేర్లు చెప్తాడు: అంతియోక, తురమాయ, అంతికిని, మగ, అలికసుందర. ఐదుగురూ గ్రీకులే. అంతియోక అంటే సిరియా నుంచి ఏలిన రెండో ఆంటియోకస్. తురమాయ అంటే ఈజిప్టు రాజు రెండో టాలెమీ. మగ అంటే ఇప్పటి లిబియాలో ఉన్న సిరీన్ రాజు మాగస్. క్రీ.పూ. 3వ శతాబ్దంలో రాయలసీమ బండ మీద ఈజిప్టు రాజు పేరు ఎక్కింది. ఇదేమీ కట్టుకథ కాదు, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఇక్కణ్ణించి ఒకరు ‘గ్రీకు తత్త్వమంతా మన దగ్గర నేర్చుకున్నదే’ అని వీడియో పెడతారు. ఇంకొకరు ‘బుద్ధ విగ్రహమే గ్రీకులు ఇచ్చింది, మీ గొప్పేముంది’ అంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఈ గొడవ నెలకోసారైనా నడుస్తుంది. రెండు పక్షాలవాళ్లూ చూపించేవి చాలావరకు అవే ఆధారాలు. తేడా అంతా ఆ ఆధారాల నుంచి ఎంత దూరం దూకుతున్నారన్న దాంట్లోనే ఉంది.

‘ప్రభావం’ అనే ఒక్క మాటలో నాలుగు ప్రశ్నలు

రెండు ఊళ్లలో ఒకే రకం పచ్చడి పెడుతున్నారనుకుందాం. ఒక ఊరివాళ్లు రెండో ఊరికి వెళ్లారా? వెళ్తే ఆ పచ్చడి తిన్నారా? తింటే ఎలా పెట్టాలో నేర్చుకున్నారా? లేక ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఎవరికి వాళ్లకు తట్టిందా? కాయను ఉప్పులో ఊరేసి ఎండబెడితే చెడిపోదని కనిపెట్టడానికి పక్క ఊరివాళ్లు చెప్పక్కర్లేదు. కాబట్టి పోలిక ఉన్నంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు. అదే కాయ, అవే పాళ్లు, అదే పేరు రెండుచోట్లా దొరికితే మాత్రం గట్టిగా అనుమానించాల్సిందే.

బౌద్ధం, గ్రీకు తత్త్వం విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు ఖాయం. కలిశారు, శతాబ్దాల పాటు కలిసే బతికారు. ఒకరి మాట ఒకరికి ఎంత అర్థమైంది, ఒకరి ఆలోచన ఒకరు ఎంత తీసుకున్నారు అన్న దగ్గరే పండితుల మధ్య తగాదా. నాలుగో ప్రశ్నను మాత్రం అందరూ తొందరగా దాటేస్తారు.

యవనులు ఎవరు

ఇప్పటి టర్కీ పడమటి తీరంలో అయోనియా అనే గ్రీకు ప్రాంతం ఉండేది. అక్కడివాళ్లను పారశీకులు ‘యౌన’ అన్నారు. అదే పాళిలో ‘యోన’, సంస్కృతంలో ‘యవన’ అయింది. అలెగ్జాండర్ తక్షశిలకు వచ్చింది క్రీ.పూ. 326లో. అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఇటు గాంధారం, అటు అయోనియా ఒకే పారశీక సామ్రాజ్యంలో ఉన్నాయి. అంటే వార్తలు తిరగడానికి దారి అప్పటికే ఉంది.

పాళి వాఙ్మయంలో, మజ్ఝిమ నికాయంలోని అస్సలాయన సుత్తంలో ఒక చక్కని చోటు ఉంది. వర్ణాలు పుట్టుకతో వస్తాయని వాదించే బ్రాహ్మణ యువకుణ్ణి బుద్ధుడు అడుగుతాడు: యోన, కాంబోజ దేశాల్లో రెండే వర్ణాలున్నాయట, యజమాని, దాసుడు, అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమానీ కావచ్చు, విన్నావా అని. విన్నానంటాడు ఆ యువకుడు. గ్రీకుల సంగతి ఇక్కడ తత్త్వంగా రాలేదు, లోకం మనకు తెలిసినట్టే అంతటా ఉండదు అనడానికి సాక్ష్యంగా వచ్చింది. పరాయి దేశం గురించి విన్న ఒక్క ముక్కను ఇంత సూటిగా వాడుకున్న చోటు ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

పిర్రో కథ: మూడు ప్రశ్నలు, చాలా చేతులు మారిన మాట

అందరూ ఎక్కువగా చెప్పుకొనే పేరు పిర్రో. గ్రీసులోని ఎలిస్ ఊరివాడు, సుమారు క్రీ.పూ. 360 నుంచి 270 దాకా బతికాడు. గురువు అనక్సార్కస్‌తో కలిసి అలెగ్జాండర్ సైన్యం వెంట భారతదేశానికి వచ్చాడు. తర్వాత ఐదు వందల ఏళ్లకు తత్త్వవేత్తల జీవితాలు రాసిన డయోజినీస్ లయర్షియస్, పిర్రో ఇక్కడ ‘నగ్న జ్ఞానుల’ను కలిశాడనీ, అతని తత్త్వం అక్కడి నుంచే వచ్చినట్టుందనీ అన్నాడు. రాజుల వెంట తిరిగే నువ్వు ఎవరికి మంచి నేర్పుతావు అని ఒక భారతీయుడు అనక్సార్కస్‌ను నిలదీశాడట. అది విని పిర్రో ఒంటరి జీవితానికి మళ్లాడని కూడా రాశాడు.

పిర్రో తాను ఏమీ రాయలేదు. శిష్యుడు టిమోన్ చెప్పినదాన్ని అరిస్టోక్లీస్ అనే ఆయన సంగ్రహించాడు, దాన్ని క్రీ.శ. 4వ శతాబ్దంలో యూసీబియస్ తన పుస్తకంలోకి ఎత్తి రాశాడు. అన్ని చేతులు మారి మనకు అందిన సారం ఇది. సుఖంగా బతకాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: వస్తువుల స్వభావం ఏమిటి, వాటి పట్ల మనం ఎలా ఉండాలి, అలా ఉంటే ఏం దక్కుతుంది? మొదటి జవాబు: ఏ వస్తువునూ మరోదాని నుంచి గట్టిగా విడదీయలేం, కొలవలేం, తేల్చి చెప్పలేం. రెండోది: కాబట్టి ‘ఉంది’ అనడానికి లేదు, ‘లేదు’ అనడానికీ లేదు, ‘ఉంది, లేదు కూడా’ అనడానికీ లేదు, ‘ఉండనూ లేదు, లేకనూ లేదు’ అనడానికీ లేదు. మూడోది: అప్పుడు ముందు నోరు మూగబోతుంది, తర్వాత అతరాక్సియా, అంటే కలత లేని మనసు వస్తుంది.

బౌద్ధం కాస్త చదివినవాళ్లకు ఇక్కడ చెవులు నిక్కపొడుచుకుంటాయి. ఆ నాలుగు మూలల మాట అచ్చంగా బౌద్ధంలోని చతుష్కోటిలా, అంటే ఉంది, లేదు, రెండూ, రెండూ కాదు అనే నాలుగు పక్షాల పద్ధతిలా ఉంది. 2015లో అమెరికా పండితుడు క్రిస్టఫర్ బెక్విత్ ఇంకో అడుగు ముందుకు వేసి, పిర్రో చెప్పిన మూడు లక్షణాలు బుద్ధుడు చెప్పిన అనిత్యం, దుఃఖం, అనాత్మలకు గ్రీకు అనువాదమేనని వాదించాడు. గ్రీసులో అంతకుముందు ఇలాంటి తత్త్వానికి పూర్తి రూపం లేదనీ, పిర్రో భారతదేశం వెళ్లొచ్చాకే అది కనిపించిందనీ ఈ పక్షంవాళ్లు గుర్తు చేస్తారు. ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు.

అటువైపు వాదనా అంతే బలంగా ఉంది. ‘ఇది అనడానికి లేదు, అది అనడానికీ లేదు’ అనే పలుకు పిర్రోకు ముందే డెమోక్రిటస్ అనే గ్రీకు తత్త్వవేత్త దగ్గర ఉంది, అనక్సార్కస్ ఆ సంప్రదాయంవాడే. అవుననక, కాదనక తప్పించుకునేవాళ్లతో వాదించలేమని అరిస్టాటిల్ విసుక్కున్నాడు కూడా. అంటే నాలుగు మూలల్లో కొన్నయినా గ్రీసులో తెలిసినవే. దుఃఖానికి కారణం తృష్ణ, కర్మ, పునర్జన్మ, ధ్యానం, భిక్షుజీవనం - వీటి ఊసు పిర్రో గురించి వచ్చిన కథల్లో లేదు. అవన్నీ తర్వాత చేరినవి, తొలి బౌద్ధం వేరు అని బెక్విత్ జవాబు. కానీ ఆ తొలి బౌద్ధం ఎలా ఉండేదో తేల్చడానికి పిర్రో మాటలనే సాక్ష్యంగా పెడితే వాదన తనచుట్టూ తానే తిరుగుతుంది. నాకు ఈ వాదంలో అన్నిటికన్నా బలహీనంగా కనిపించే చోటు అదే.

ఇంకో సంగతి. పిర్రో కలిసింది ‘నగ్న’ జ్ఞానులను. బౌద్ధ భిక్షువులు చీవరాలు కట్టుకుంటారు, బట్టల్లేకుండా తిరగడం వినయ నియమాలకే, అంటే భిక్షువుల నడవడి కట్టుబాట్లకే విరుద్ధం. మరి ఆయన కలిసింది ఎవరిని? బౌద్ధ గ్రంథాలే ఒక ఆచూకీ ఇస్తాయి. దీఘ నికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో సంజయ బేలట్ఠిపుత్త అనే శ్రమణుడు (ఇల్లు విడిచిన సన్యాసి) కనిపిస్తాడు. పరలోకం ఉందా అంటే, ఉందని అనను, లేదని అనను, రెండూ అనను, రెండూ కావనీ అనను అంటాడు. ఇలాంటివాళ్లను బౌద్ధులు, చేతికి చిక్కని చేపలా జారిపోయేవాళ్లని ఆక్షేపించారు. బుద్ధుడి ముఖ్య శిష్యులు సారిపుత్తుడు, మొగ్గల్లానుడు ఆయన దగ్గరకు రాకముందు ఈ సంజయుడి శిష్యులేనని చాలామంది భావిస్తారు. పిర్రో ఇక్కడ ఏదైనా నేర్చుకుని ఉంటే, అది బౌద్ధుల దగ్గర కన్నా బౌద్ధులు తప్పుపట్టిన సంజయుడి బాటవాళ్ల దగ్గర కావడానికే ఎక్కువ అవకాశం ఉందని నాకనిపిస్తుంది.

బురదలోంచి పారే నీళ్లు

వాళ్ల మాట వీళ్లకు అర్థమైందా? అలెగ్జాండర్ పంపిన ఒనెసిక్రిటస్ తక్షశిల దగ్గర ఎండలో బట్టల్లేకుండా ఉన్న 15 మంది సాధువులను చూశాడు. కొందరు నిలబడి, కొందరు కూర్చుని, కొందరు పడుకుని కదలకుండా ఉన్నారు. వాళ్లలో పెద్దవాడు మందనిస్. భూగోళ శాస్త్రజ్ఞుడు స్ట్రాబో భద్రపరిచిన కథనం ప్రకారం, వాళ్ల సంభాషణ ముగ్గురు దుబాసీల మీదుగా నడిచింది. ఆ దుబాసీలకు భాష తప్ప విషయం తెలియదు, వాళ్ల నోట మా తత్త్వం చెప్పడమంటే బురదలోంచి పారిన నీళ్లు తేటగా రావాలని కోరుకోవడమే అన్నాడు మందనిస్.

పిర్రోకైతే ఇక్కడి భాష వచ్చేంత కాలం దొరికిందని కొందరంటారు. దొరికి ఉండొచ్చు. కానీ సాధువే స్వయంగా ‘ఇది మీకు చేరదు’ అన్న మాట మనకు మిగిలి ఉన్నప్పుడు, దాన్ని పక్కన పెట్టి ముందుకెళ్లలేం.

కాందహార్ గుమాస్తా చేసిన పని

పిర్రో చుట్టూ ఇంత గొడవ జరుగుతుంటే, అసలు రెండు లోకాలూ ఒకదాన్నొకటి తాకిన చోటు మీద పెద్దగా వెలుగు పడలేదు. అది తత్త్వవేత్తది కాదు, ఒక అనువాదకుడిది. అతని పేరు మనకు దక్కలేదు.

1958లో అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్ దగ్గర ఒక బండ మీద అశోకుడి శాసనం బయటపడింది. పైన గ్రీకు, కింద అరమాయిక్. పదేళ్లు నిండాక పియోదాస్సెస్ రాజు మనుషులకు ధర్మాన్ని చూపించాడని అది మొదలవుతుంది. పియోదాస్సెస్ అంటే మన ప్రియదర్శి, అశోకుడే. 1963లో అదే కాందహార్‌లో ఒక రాతి పలక దొరికింది. అందులో పన్నెండో శాసనం చివర, పదమూడో శాసనం మొదలు మంచి గ్రీకులో ఉన్నాయి.

ఇప్పుడు ఆ గుమాస్తా పక్కన కూర్చుని చూద్దాం. ముందు ‘ధమ్మ’ అనే మాట వచ్చింది. గ్రీకులో దానికి సరిపోయే మాట లేదు. చట్టం అనొచ్చు, న్యాయం అనొచ్చు. అతను ‘యూసేబెయా’ అన్నాడు. దేవుళ్ల పట్ల, తల్లిదండ్రుల పట్ల, పెద్దల పట్ల ఉండే భయభక్తులకు గ్రీకుల మాట అది. తర్వాత ‘పాసండ’ వచ్చింది. ఈ మాట మనకు ‘పాషండుడు’ అనే తిట్టుగా మిగిలింది గానీ, అశోకుడికి అది తిట్టు కాదు, ఏ మత సంప్రదాయమైనా పాసండమే. గుమాస్తా దానికి ‘దియాత్రిబే’ అనే మాట ఎంచుకున్నాడు. గ్రీకులు తత్త్వవేత్తల బడులను, చర్చా గోష్ఠులను అలా పిలిచేవారు. విచిత్రమేమిటంటే ఆ మాటకీ ఇదే గతి పట్టింది, ఇంగ్లీషులోకి వెళ్లి డయాట్రైబ్, అంటే తిట్లదండకం అయింది. ఒకే శాసనంలో ఒకదానికొకటి సాటిగా, గౌరవంగా నిలబడిన రెండు మాటలు రెండుచోట్లా తిట్లుగా మారాయి.

పన్నెండో శాసనంలో ‘వచోగుప్తి’ అనే భావం ఉంది. తన మతాన్ని అతిగా పొగడకుండా, పక్కవాడి మతాన్ని నిందించకుండా నోరు కాచుకోవడం. గ్రీకులో అది, నాలుకను అదుపులో పెట్టుకున్నవాడే అందరికన్నా నిగ్రహం ఉన్నవాడు, అని వచ్చింది. ‘ఎంక్రతెయా’, అంటే నిగ్రహం, సోక్రటీసు శిష్యులు తరచూ వాడిన మాట. బ్రాహ్మణులు, శ్రమణులు అన్న చోట మాత్రం గుమాస్తా ఆగిపోయి, ఆ పేర్లను ఉన్నవున్నట్టే గ్రీకు లిపిలో రాశాడు. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో తెలిసిన చెయ్యి అది. గ్రీకు చదువు బాగా చదివిన మనిషి, ఇటు మాటల బరువు కూడా తెలిసిన మనిషి.

అయితే ఈ శాసనాల్లో ఉన్నది బౌద్ధ తత్త్వమా? కాదు. నాలుగు సత్యాలు లేవు, నిర్వాణం లేదు, అనాత్మ లేదు. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణిహింస మానడం, పక్కవాడి మతాన్ని మన్నించడం, ఇవే ఉన్నాయి. గ్రీకులోకి ధర్మం నీతిగా వెళ్లింది, దర్శనంగా కాదు.

మిలిందుడు: రాజులా వాదిస్తారా, పండితుడిలా వాదిస్తారా

క్రీ.పూ. 2వ శతాబ్దంలో పంజాబు వైపు ఏలిన మినాండర్ బౌద్ధ గ్రంథాల్లో మిలిందుడు. రాజధాని సాగల, ఇప్పటి సియాల్‌కోట్ అంటారు. అతని నాణేల మీద ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి లిపిలో ప్రాకృతం. గ్రీకు దేవత ఎథీనా బొమ్మ ఎక్కువగా కనిపిస్తుంది, కొన్నిటి మీద ఎనిమిది ఆకుల చక్రం ఉంది. అది ధర్మచక్రమా, చక్రవర్తి గుర్తా అన్నది తేలలేదు.

మిలిందపఞ్హ అనే పాళి గ్రంథంలో ఆ రాజు, నాగసేన భిక్షువు వాదించుకుంటారు. మొదట్లోనే నాగసేనుడు ఒక షరతు పెడతాడు. మహారాజా, పండితుల్లా మాట్లాడతానంటే మాట్లాడతాను, రాజుల్లా అయితే మాట్లాడను. తేడా ఏమిటి భంతే (స్వామీ), అన్నాడు రాజు. పండితుల మధ్య ఒకరి మాటను ఒకరు విప్పుతారు, తప్పు పడతారు, ఒప్పుకుంటారు, అయినా కోపం రాదు. రాజులైతే ఒక మాట అంటారు, కాదన్నవాణ్ణి శిక్షించండి అంటారు. మిలిందుడు పండితుడిలానే వాదిస్తానని మాటిచ్చాడు.

ఇక ప్రసిద్ధమైన రథం ఉపమానం. మీరు నడిచి వచ్చారా, ఎక్కి వచ్చారా అని భిక్షువు అడిగాడు. రథం ఎక్కి వచ్చానన్నాడు రాజు. ఇరుసు రథమా? కాదు. చక్రాలా? కాదు. నొగలా, కాడా? కావు. అన్నీ కుప్పపోస్తే రథమా? కాదు. మరి ఏ రథం ఎక్కి వచ్చారు, అబద్ధమాడుతున్నారా? ఈ భాగాలన్నీ ఇలా అమరితే రథం అనే పేరు నిలుస్తుందంతే, అని రాజు ఒప్పుకున్నాడు. నాగసేనుడనే పేరూ అలాంటిదే అన్నాడు భిక్షువు.

ప్రశ్నలూ జవాబులూ చూసి, ఇది ప్లేటో సంభాషణల నమూనా అని కొందరు యూరప్ పండితులు భావించారు. కానీ ఇదే రథం ఉపమానం అంతకుముందే సంయుత్త నికాయంలో వజిరా అనే భిక్షుణి నోట వస్తుంది. రాజు అడగడం, జ్ఞాని చెప్పడం అనే పద్ధతి ఉపనిషత్తుల్లోని జనక యాజ్ఞవల్క్యుల నాటిదే. ఈ వాదం మొత్తంలో ప్లేటో పేరు గానీ, మరో గ్రీకు తత్త్వవేత్త పేరు గానీ రాదు. రాజు యవనుడే, ప్రశ్నలు మాత్రం మన నేలవే.

చివరికి మిలిందుడు రాజ్యం కొడుక్కిచ్చి అర్హతుడయ్యాడని, అంటే విముక్తి పొందాడని పాళి గ్రంథం. గ్రీకు రచయిత ప్లూటార్క్ కథ వేరు: మినాండర్ సైనిక శిబిరంలో చనిపోయాడు, ఊళ్లన్నీ అతని చితాభస్మం కోసం పోటీపడి, పంచుకుని, తలా ఒక స్మారకం కట్టాయి. బుద్ధుడి ధాతువుల (అస్థికల) పంపకం తెలిసినవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ప్లూటార్క్‌కు ఆ పోలిక తెలిసినట్టు లేదు. అందుకే ఈ సాక్ష్యం నాకు మరీ విలువైనదిగా తోస్తుంది.

యవనులందరూ బౌద్ధులయ్యారని మాత్రం అనుకోకూడదు. స్వాత్ లోయలో థియోడోరస్ అనే గ్రీకు అధికారి శాక్యముని ధాతువులను ప్రతిష్ఠించాడు. కార్లే గుహల స్తంభాల మీద యవన దాతల పేర్లున్నాయి. విదిశలో హెలియోడోరస్ అనే గ్రీకు రాయబారి మాత్రం వాసుదేవుడికి గరుడ స్తంభం నిలిపాడు.

నీడ, మందు: కలవకుండానే కలిసిన రెండు పోలికలు

పిర్రో పేరుతో నడిచిన సంశయవాదాన్ని క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంలో వివరంగా రాసినవాడు సెక్స్టస్ ఎంపిరికస్. దాదాపు అదే కాలపువాడు బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడు. శాతవాహన రాజుకు స్నేహితుడని సంప్రదాయం చెప్పే ఆయన పేరే నాగార్జునకొండకు నిలిచింది. ఇద్దరూ ఎదుటివాడి సిద్ధాంతాన్ని వాడి మాటలతోనే విప్పేస్తారు. ఇద్దరూ తమకంటూ పక్షం లేదంటారు.

పోలికలు ఎంత దగ్గరగా ఉంటాయో చూడండి. తీర్పును ఆపేస్తే, శరీరం వెంట నీడలా ప్రశాంతత వస్తుందన్నాడు సెక్స్టస్. మంచి మనసుతో మాట్లాడినా, పనిచేసినా, విడవని నీడలా సుఖం వెంట వస్తుందని ధమ్మపదం రెండో గాథ. సంశయవాదుల మాటలు విరేచనాల మందులాంటివి, రోగంతో పాటు తామూ బయటికి పోతాయన్నాడు సెక్స్టస్. రోగాన్ని బయటికి తోసిన మందు తాను కడుపులోనే ఉండిపోతే రోగం ముదురుతుంది, శూన్యతను (దేనికీ సొంత స్వభావం లేదన్న బోధను) పట్టుకుని వేలాడేవాడి పనీ అంతే అంటుంది కాశ్యపపరివర్తం అనే మహాయాన సూత్రం.

మొదట్లో పెట్టుకున్న పరీక్షకు వీటిని నిలబెడదాం. నీడ ఎక్కడైనా మనిషి వెంటే నడుస్తుంది, అది ఎవరికైనా తడుతుంది. మందు పోలిక అంత తేలికగా తీసేయలేం, ఎందుకంటే అది వాడిన పని కూడా ఒకటే: తన మాటను తానే వదిలించుకోవడం. కానీ సెక్స్టస్ స్వయంగా వైద్యుడు, బౌద్ధంలో బుద్ధుణ్ణి వైద్యుడితో పోల్చడం మొదటినుంచీ ఉంది. ఎవరి దగ్గరా తీసుకోకుండానే రావడానికి రెండుచోట్లా కావాల్సిన సరుకుంది. ఇక గమ్యాలు వేరు. సెక్స్టస్‌కు ప్రశాంతత దొరికితే చాలు, ఊరి ఆచారాలు పాటిస్తూ మామూలుగా బతకమంటాడు. నాగార్జునుడికి శూన్యత సంసారం నుంచి విడుదలకు దారి, వెనక నాలుగు సత్యాలున్నాయి, కరుణ ఉంది. మందు ఒకేలా పనిచేయొచ్చు, రోగం ఒకటేనని చెప్పలేం.

నాగార్జునకొండలోనే బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటుంది. కశ్మీరం, గాంధారం, చీనా మొదలైన చోట్ల ధర్మాన్ని నిలిపిన సింహళ భిక్షువులకు ఆమె చైత్యం కట్టించింది, ఆ దేశాల జాబితాలో యవన దేశమూ ఉంది. అంటే కృష్ణ ఒడ్డున ఉన్న భక్తురాలికి కూడా యవనులు ధర్మం విన్న జనాల్లో ఒకరు. ఎంత విన్నారు, ఏం విన్నారు అన్నది ఆ రాయి చెప్పదు.

కాందహార్ పలక కూడా ఒక చోట ఆగిపోతుంది. అది ఏదో కట్టడంలోని ఒక్క రాయి. పదమూడో శాసనం కళింగ యుద్ధంతో మొదలై కొన్ని వరుసలు నడిచి తెగిపోయింది, మిగతా భాగం ఉన్న రాళ్లు దొరకలేదు. ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు రావాల్సింది ఆ మిగతా భాగంలోనే. ధమ్మకు, పాసండకు అంత జాగ్రత్తగా మాటలు వెతికిన ఆ గుమాస్తా, తన సొంత భాషవాళ్లయిన టాలెమీ, ఆంటియోకస్‌ల పేర్లను తన సొంత లిపిలో రాసుకున్న వరుస మనకు లేదు. ఆ వరుస చదవాలంటే మన ఎర్రగుడి లాంటి బండల మీద, బ్రాహ్మీ లాంటి లిపుల్లో చదవాల్సిందే.